ఆయనకి క్లబ్ హౌస్ కావాలి, నాకు మనవలు కావాలి

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. చాలా ఏళ్లుగా అమెరికాలోనే ఉంటున్నాం. మా ఆయన కిందటేడు రిటైరయ్యారు. ఆయనకి పగలు గడవడం లేదు. ఈ ఇల్లు అమ్మేసి, 55 నిండినవాళ్ల కోసం కట్టే ఫిఫ్టీ ఫైవ్ ప్లస్ కమ్యూనిటీలో కొందామని ఒకటే పట్టు. నేను కొత్తవాళ్లతో ఇట్టే కలిసిపోయే మనిషిని కాను. మా అమ్మాయి అరగంట దూరంలో ఉంటుంది. శని, ఆదివారాలు మనవలు మా ఇంట్లోనే. వద్దంటే మొండిదాన్నంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆయన గొడవంతా సోమవారం నుంచి శుక్రవారం దాకా. మీ బెంగంతా శని, ఆదివారాలు. ఇద్దరూ ఇంటి పేరు చెప్పి వేరు వేరు రోజుల గురించి పోట్లాడుకుంటున్నారు. అందుకే తెగడం లేదు.

ముందు మీ బెంగ సంగతి. ఇలాంటి కమ్యూనిటీలకి 1995 నాటి ఫెడరల్ చట్టం ఒకటుంది. మనుషులున్న ఇళ్లలో కనీసం 80 శాతం ఇళ్లలో 55 నిండినవాళ్లు ఒక్కరైనా ఉండాలంటుంది. మనవలు వచ్చి ఎన్నాళ్లు ఉండొచ్చో మాత్రం అక్కడి ఇళ్ల యజమానుల అసోసియేషన్ నిబంధనల్లోనే ఉంటుంది. ఏడాదికి ఇన్ని రోజులని లెక్కపెట్టేవి ఉన్నాయి, పిల్లలకి పూల్ ఫలానా గంటల్లోనే అనేవి ఉన్నాయి. ఆ పుస్తకం తెప్పించుకుని మీరే చదవండి, అమ్మేవాళ్ల నోటిమాట నమ్మొద్దు. ఇంకో మాట, అశుభం అనుకోకండి: రేపు ఏ కారణం చేతనైనా మీ అమ్మాయి పిల్లల్ని తీసుకుని కొన్నాళ్లు పుట్టింట్లో ఉండాల్సొస్తే ఆ ఇంటి తలుపు తీయగలరా? చాలాచోట్ల తీయలేరు. నాకైతే మీ మొత్తం ప్రశ్నలో ఇదే పెద్దది.

ఇక ఆయన వైపు. 1960లో అరిజోనాలో సన్ సిటీ అనే ఇలాంటి కమ్యూనిటీ తెరిచినప్పుడు గోల్ఫ్ కోర్సు, రిక్రియేషన్ సెంటర్, షాపులు ముందే సిద్ధం చేసి, ఆ తర్వాత ఇళ్లు అమ్మారు. ఇంటికన్నా ముందు అక్కడి పగటిపూటను అమ్మారన్నమాట. మీ ఆయనకి కావలసింది సరిగ్గా అదే, అందులో తప్పేం లేదు. కాకపోతే ఆయనకి గోల్ఫ్ కావాలా, పలకరించే నలుగురు కావాలా? నలుగురే అయితే ఇల్లు అమ్మకుండానే దొరకొచ్చు. లైబ్రరీలో వాలంటీరుగానో, ఉదయం నడిచేవాళ్లతోనో ఒక ఆర్నెల్లు గడిపి చూడమనండి. ఆ పని చేయకుండా ఇల్లు మారితే, విసుగు కూడా సామానుతో పాటే లారీ ఎక్కుతుంది.

మీరు కలుపుగోలు మనిషి కాకపోవడం నాకు పెద్ద అడ్డంకిగా కనిపించలేదు. అక్కడ ఎవరూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లరు. కాకపోతే పూల్‌లో కాలు పెట్టినా పెట్టకపోయినా నెలనెలా ఫీజు కట్టాల్సిందే. ఇంటి అప్పు తీరిపోయినా అది తీరదు, పెరుగుతుంది కూడా. క్లబ్ హౌస్ కప్పు మార్చాలంటే, ఇలాంటి పెద్ద ఖర్చులకని దాచే రిజర్వ్ ఫండ్ చాలకపోతే విడిగా వడ్డిస్తారు. ఫండ్‌లో ఎంతుందో అడగండి.

ఈ కమ్యూనిటీలకి తగిలించే ‘యాక్టివ్ అడల్ట్’ అన్న పేరుని కూడా ఒకసారి నిదానంగా చదవండి. గడ్డి కోస్తారు, మంచు తీస్తారు, అంతే. స్నానం చేయించేవాళ్లు, మందులిచ్చేవాళ్లు అక్కడ ఉండరు. అలాంటి సాయం దొరికే అసిస్టెడ్ లివింగ్ వేరు. మీలో ఒకరు మంచాన పడితే మళ్లీ ఇల్లు మారాల్సి రావచ్చు. మీరు డ్రైవ్ చేస్తారో లేదో రాయలేదు. చేయకపోతే, ఆయన లేని రోజున అక్కడి నుంచి డాక్టరు దగ్గరికి ఎలా వెళ్తారు? ఈ మాట ఆయనతో తప్పక మాట్లాడండి. మొగుడూ పెళ్లాలు గ్రానైట్ రంగు గురించి గంటలు చర్చిస్తారు గానీ దీన్ని ఎత్తరు.

ఇప్పుడున్న ఇల్లు అప్పుడే అమ్మకండి. అద్దెకి ఒప్పుకునే కమ్యూనిటీ చూసి రెండు మూడు నెలలు ఉండండి. అద్దెకివ్వనిచోట, కొనాలనుకునేవాళ్లని నాలుగు రోజులు ఉండనిస్తారేమో కనుక్కోండి. ఆయన మంగళవారాలు ఎలా గడిచాయో రాసుకోమనండి. మీరు మాత్రం ఒక శనివారం మనవల్ని పిలిపించి పూల్ దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లలు కేకలేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారో, గడియారం చూస్తున్నారో మీ కళ్లతో చూసొచ్చాక ఆయనతో మాట్లాడండి.