బార్‌కోడ్ కొనే ముందు అది ఎవరి పేరు మీద ఉందో అడగండి

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. స్నేహితులతో కలిసి ఆరు తెలుగు పాటలు రికార్డు చేశాడు. యాప్‌లలో పెడతాడట, వంద సీడీలు కూడా వేయిస్తాడట. దానికి బార్‌కోడ్ కావాలంటున్నాడు. ఆన్‌లైన్‌లో ఎవరో 500 రూపాయలకే జీవితాంతం పనిచేసే బార్‌కోడ్ ఇస్తామంటున్నారు. కొనమంటారా? అసలు ఈ దారిలో ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: అమ్మా, ఆ 500 ఇప్పుడే కట్టకండి. మోసమని తేల్చి చెప్పడం లేదు, మీ వాడికి దాని అవసరమే లేకపోవచ్చు.

బార్‌కోడ్ అంటే నల్ల గీతలు కాదు, కింద ఉండే నంబరు. గీతల బొమ్మ చాలా వెబ్‌సైట్లు ఉచితంగానే గీసిస్తాయి, అందులో తప్పేం లేదు. నంబరు మాత్రం మనకు తోచింది వేసుకునేది కాదు. ప్రపంచమంతా ఈ నంబర్లు జీఎస్1 అనే సంస్థ దగ్గర మొదలవుతాయి, మన దేశంలో ఆ పని జీఎస్1 ఇండియాది. ఇంట్లో ఉన్న బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూడండి, 890తో మొదలైతే ఆ నంబరు ఇక్కడ తీసుకున్నదని అర్థం. సరుకు ఇక్కడే తయారైందని కాదు, చాలామంది అలా అనుకుంటారు.

మరి 500కి అమ్మేవాళ్లకి ఎక్కడివి? 2002 ఆగస్టుకు ముందు అమెరికాలో ఈ నంబర్లు తీసుకున్న కంపెనీలకి, ఒక కోర్టు రాజీ వల్ల, ఏటా ఫీజు కట్టే బాధ తప్పింది. అలాంటి పాత నంబర్లను కొందరు విడివిడిగా అమ్ముతున్నారు. స్కానర్ చదువుతుంది, నిజమే, కానీ రికార్డులో పేరు మాత్రం ఆ పాత కంపెనీదే ఉంటుంది, అందుకే జీఎస్1 రికార్డుతో సరిచూసే పెద్ద ఆన్‌లైన్ దుకాణాల్లో ఇలాంటివి ఆగిపోతుంటాయి. ఇంకొందరు అసలు నంబరే కల్పించి ఇస్తారు, అదే నంబరు ఇంకొకరి సబ్బు మీదో షాంపూ మీదో ఉన్నా ఆశ్చర్యం లేదు. కాబట్టి ఎవరి దగ్గర కొన్నా ఒకటే అడగమనండి: ఈ నంబరు ఎవరి పేరు మీద ఉంది?

ఇక మీ వాడి సంగతి. యాప్‌లలోకి పాటలు డిస్ట్రిబ్యూటర్, అంటే పాటల్ని యాప్‌లకి చేర్చే కంపెనీ ద్వారానే వెళ్తాయి, చాలామంది డిస్ట్రిబ్యూటర్లు ఆల్బమ్‌కి యూపీసీ నంబరు (బార్‌కోడ్ నంబరు ఇదే), ఒక్కో పాట రికార్డింగుకి గుర్తింపుగా ఐఎస్ఆర్‌సీ నంబరు వాళ్లే ఇస్తారు, విడిగా డబ్బు అడగరు. సీడీలు కచేరీల్లో చేతికే అమ్ముకుంటే బార్‌కోడ్ అక్కర్లేదు. దుకాణంలో పెట్టాలంటేనే కావాలి, అప్పుడు సీడీకి వేరే నంబరు తీసుకోవాలి, యాప్‌లలో పెట్టిన ఆల్బమ్ నంబరు దీనికి వాడకూడదు. రేపు క్యాసెట్ వేసినా అంతే, దానికీ వేరే. కొందరు డిస్ట్రిబ్యూటర్లు సీడీకి కూడా నంబరు ఇస్తారు, ముందు వాళ్లనే అడగమనండి. లేబుల్, అంటే సొంత మ్యూజిక్ కంపెనీ పేరు పెట్టి ఏటా నాలుగైదు విడుదలలు చేసే ఉద్దేశం ఉంటే మాత్రం నేరుగా జీఎస్1 ఇండియాలో నమోదు చేయించుకోవడం మంచిది. సంస్థ పత్రాలు కావాలి, ఫీజు ఉంటుంది, గడువు తీరాక రెన్యూవల్ కూడా చేయించాలి. ఒక్క ఆల్బమ్ కోసం అంత తలనొప్పి వద్దు.

బార్‌కోడ్ కన్నా నాకు టెన్షన్ ఐఎస్ఆర్‌సీ గురించే. ఇది అక్షరాలు, అంకెలు కలిపి పన్నెండు ఉండే కోడ్, రికార్డింగుకి ఆధార్ లాంటిదనుకోండి. పాట సింగిల్‌గా వచ్చినా, తర్వాత ఆల్బమ్‌లో చేరినా అదే కోడ్ ఉండాలి; రీమిక్స్ చేస్తే కొత్తది. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి డిస్ట్రిబ్యూటర్‌ని మార్చేటప్పుడు పాత కోడ్‌లు రాసిపెట్టుకోలేదు, పాటలు కొత్త కోడ్‌లతో ఎక్కాయి, రెండేళ్లుగా వచ్చిన ప్లేల లెక్క సున్నా నుంచి మొదలైంది. ఆ పిల్ల నా ఎదుట కూర్చుని ఏడ్చింది. మీ వాణ్ని ఈ రోజే ఒక ఎక్సెల్ షీట్ తెరవమనండి: పాట పేరు, ఐఎస్ఆర్‌సీ, యూపీసీ, ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఎవరికి ఎంత వాటా. వాటాలు స్నేహం బాగున్నప్పుడే రాసుకోవాలి. పాటలు రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు ఐపీఆర్ఎస్‌లో, అంటే వాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థలో సభ్యులుగా చేరాలి, ఆ రాయల్టీ యాప్ ఇచ్చే డబ్బుకి వేరు.

కవర్ డిజైన్ చేసేవాళ్లకి ఒక మాట. గీతలు ఎరుపు రంగులో వేయొద్దు, చాలా స్కానర్ల వెలుతురు ఎరుపే కాబట్టి వాటికి ఆ గీతలు కనబడవు. తెలుపు మీద నలుపు, రెండు పక్కలా కాస్త ఖాళీ వదలాలి. ప్రింటుకి ఇచ్చే ముందు నమూనా ఒకటి తీసి స్కాన్ చేసి చూడమనండి.

ఉద్యోగాలంటారా, ఉన్నాయమ్మా. లేబుళ్లు, డిస్ట్రిబ్యూటర్లు, స్ట్రీమింగ్ కంపెనీలకు ఈ నంబర్లు, పేర్లు, హక్కుల వివరాలు తప్పుల్లేకుండా చూసే మనుషులు కావాలి. మెటాడేటా, రాయల్టీ, కేటలాగ్ అని రకరకాల పేర్లతో ఆ పనులుంటాయి. కోడింగ్ వచ్చి, పాట ఎలా పుడుతుందో కూడా తెలిసిన కుర్రాడికి అక్కడ విలువ ఉంటుంది. అందుకే డిగ్రీ మానొద్దని చెప్పండి, పాట మానమని మాత్రం చెప్పకండి. ఆ ఎక్సెల్ షీట్ తయారయ్యాక నాకు పంపమనండి, వాడితో నేనే మాట్లాడతాను.