కొండలు కొలుస్తానంటున్న పాప, సీటు మాట్లాడేసిన నాన్న

ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి అడిగారు: "మా పాప ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. హిమాలయాలు ఎంత జరుగుతున్నాయో జీపీఎస్‌తో కొలిచే చదువు చదువుతానంటోంది. మేం బెంగళూరులో సీఎస్‌ఈ ఏఐ మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడి పెట్టాం. ఏది మేలు?"

అన్నా, మీ అసలు టెన్షన్ అది కాదు. ఆడపిల్లను కొండల్లోకి ఎట్లా పంపాలి, ఉద్యోగం రాకపోతే చుట్టాలకు ఏం చెప్పాలి, అంతే కదా? ఏటా సీట్ల సీజన్‌లో ఊరి పేరు మారుతుంది గానీ ఈ ప్రశ్న మారదు.

కొండల సంగతి చెప్తా. రాతిలో స్టీలు కడ్డీ దించి, దానిపై యాంటెన్నా బిగిస్తారు. అది ఏళ్ల తరబడి అక్కడే ఉండి రీడింగులు తీసుకుంటుంది, మనుషులు ఎప్పుడైనా వెళ్లి బ్యాటరీలు చూసొస్తారు. మిగతా పనంతా కంప్యూటర్ ముందే. నేపాల్ హిమాలయాల్లో నేల ఏడాదికి నొక్కుకునేది సుమారు 2 సెంటీమీటర్లే, పైగా వానాకాలం నీటి బరువుకు నేల కాస్త కుంగి మళ్లీ లేస్తుంది, ఆ ఊగును లెక్కల్లోంచి తీసేస్తే గానీ అసలు కదలిక తేలదు, ఒక్క ఏడాది రీడింగులు ఎందుకూ చాలవు. అట్లా పేరుకున్న ఒత్తిడే 2015లో గోర్ఖా భూకంపమై కాఠ్మాండూను మీటరుకు పైగా దక్షిణానికి జరిపింది. ఈ లెక్కలు ఎక్కువగా లైనక్స్, పైథాన్ లాంటి కంప్యూటర్ సాధనాలతోనే, కోడింగ్ ఇక్కడా తప్పదు.

ఇక ఆ ఏఐ సీటు. నాకు దాని మీద నమ్మకం తక్కువ. సీఎస్‌ఈ చెడ్డదని కాదు, చాలా కాలేజీల్లో బోర్డు మారింది గానీ పాఠం చెప్పేవాళ్లు మారలేదు. అన్ని లక్షలు పోసేముందు ఏఐ సబ్జెక్టులు ఎవరు చెప్తారో అడిగారా? అడగలేదు. పాపనైనా అడిగారా? మాట్లాడి పెట్టాం అని మీరే రాశారు!

ఈ దారీ పూలపాన్పు కాదు. ఉద్యోగాలు తక్కువ, పరిశోధనలోకి వెళ్లాలంటే పీహెచ్‌డీ దాకా చదవాలి, జీతం ఆలస్యం. అయినా మెట్టు మెట్టుకీ దిగే చోటుంది. ఆంధ్ర, ఉస్మానియా యూనివర్సిటీల్లో జియోఫిజిక్స్, అంటే భూమిని ఫిజిక్స్‌తో, లెక్కలతో చదివే కోర్సు ఉంది, హైదరాబాద్‌లో ఆ పరిశోధనకే ఎన్‌జీఆర్‌ఐ అనే జాతీయ సంస్థ ఉంది, యూపీఎస్సీ ద్వారా జీఎస్‌ఐ, అంటే కేంద్ర ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థలో జియోఫిజిసిస్ట్ పోస్టులుంటాయి. ఏదీ కుదరకపోతే డేటా ఉద్యోగాలకు ఆ లెక్కలు, ఆ పైథానే పనికొస్తాయి. పిల్ల రోడ్డున పడదు, భయపడొద్దు.

ఒక్కటి మాత్రం మీరు రాయలేదు. పాపకు లెక్కలంటే ఇష్టమా, కొండలంటే ఇష్టమా? కొండలే అయితే మళ్లీ రాయండి, అప్పుడు రాళ్లనూ కొండలనూ చదివే జియాలజీ గురించి మాట్లాడుకుందాం. అంతవరకు ఆ కాలేజీకి అడ్వాన్సు కట్టకండి.