రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుంటే హంగరీలో కళ ఆగిపోయిందా?

బాంబులు పడుతుంటే బొమ్మలు, కవితలు ఎవరికి కావాలి, అప్పటి హంగరీ యువ కళాకారులు అన్నీ వదిలేసి ఉంటారు కదా అని అడిగారు. ఉద్యోగరీత్యా బుడాపెస్ట్‌లో ఉంటున్నాను. సెలవు దొరికితే ఇక్కడి మ్యూజియాలు, పాత వీధులు తిరుగుతుంటాను. చూసినదాన్ని, చదివినదాన్ని బట్టి చెప్తున్నాను: వదిలేయలేదు.

వాళ్ల కష్టాలు బాంబులకంటే ముందే మొదలయ్యాయి. 1938 మేలో వచ్చిన చట్టం పత్రికలు, నాటకం, సినిమా రంగాల్లో యూదులు 20 శాతం మించకూడదంది. మరుసటి ఏడాది దాన్ని 6 శాతానికి దించారు. నిన్నటిదాకా చప్పట్లు కొట్టించుకున్న నటులకూ గాయకులకూ వేదికే లేకుండా పోయింది. అప్పుడు ఓమికె అనే యూదు సాంస్కృతిక సంఘం వాళ్లందరినీ చేరదీసి నాటకాలు, ఒపేరాలు, కచేరీలు, చిత్ర ప్రదర్శనలు మొదలుపెట్టింది. యూదుల పెద్ద ప్రార్థనామందిరాన్ని ఆనుకుని వెషెలేని వీధిలో ఉన్న గోల్డ్‌మార్క్ హాలు దాని ముఖ్య వేదిక. చూడటానికి వచ్చేవాళ్లు కూడా యూదులే అయి ఉండాలి. 1944 మార్చి 19న జర్మన్ సైన్యం దేశంలోకి దిగేదాకా అది నడిచింది. ఆ చుట్టుపక్కల ఇప్పుడంతా బార్లు, పర్యాటకుల సందడి. ఆ హాలు సంగతి తెలిశాక నాకు ఆ వీధిలో మామూలుగా నడిచి వెళ్లిపోవడం కుదరడం లేదు.

యూదు యువకులను సైన్యానికి అనుబంధంగా వెట్టిచాకిరీ దళాల్లోకి పట్టుకెళ్లేవారు. ఆయుధం ఇవ్వరు, కందకాలు తవ్విస్తారు, గనుల్లో పనిచేయిస్తారు. చిత్రకారుడు ఆమోష్ ఇమ్రెని (ఇక్కడా మనలాగే ఇంటిపేరు ముందు) 1940 నుంచి అలా పదే పదే పిలిపించారు. 1937లో పారిస్ వెళ్లి ప్రసిద్ధ చిత్రకారుడు షగాల్‌ను కలిసొచ్చిన మనిషి, కలల్లాంటి రంగుల బొమ్మలు వేసినవాడు. 1944లో సోల్నోక్‌లో చాకిరీ చేస్తూ ఒక స్కెచ్ పుస్తకం నింపాడు. ఆ తర్వాత ఆయన తిరిగి రాలేదు. ఆయన భార్య మార్గిత్ అన్నా కూడా చిత్రకారిణే. యుద్ధం ముగిశాక ఆమె బొమ్మల్లో మనుషుల స్థానంలోకి తోలుబొమ్మల్లాంటి ఆకారాలు వచ్చాయి. బుడాపెస్ట్ దగ్గర్లోని సెంటెంద్రె అనే ఊళ్లో ఇద్దరి బొమ్మలకూ కలిపి ఒక మ్యూజియం ఉంది. ఆయనవి చూసి వెంటనే ఆమెవి చూస్తే యుద్ధం ఆ ఇంటిని ఏం చేసిందో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. హంగరీలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించిన చోటు అదే.

"ఎవరికి కావాలి" అన్నారు కదా, దానికి జవాబు నాకు కవి రద్నోతి మిక్లోష్‌లో దొరికింది. సెర్బియాలోని బోర్ రాగిగనుల దగ్గర చాకిరీ చేస్తూ ఒక చిన్న నోటుపుస్తకంలో కవితలు రాసుకున్నాడు. అక్కడి నుంచి నడిపించుకుంటూ తెచ్చి, 1944 నవంబరులో అబ్దా అనే ఊరి దగ్గర కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు. 1946లో ఆ గొయ్యి తవ్వినప్పుడు కోటు జేబులో ఆ పుస్తకం దొరికింది. ఇందులో ఒక హంగేరియన్ కవి పద్యాలున్నాయి, దొరికినవాళ్లు దయచేసి ఫలానా చోటికి చేర్చండి అని మొదట్లోనే ఐదు భాషల్లో రాసి పెట్టుకున్నాడు. తను బతకకపోయినా అవి చేరాలనే కదా! మార్గిత్ వంతెన దిగగానే పెస్ట్ వైపు పోజోన్యి వీధిలో ఆయన ఇల్లుంది. భార్య ఫన్ని 2014లో కన్నుమూసేదాకా ఆ ఇంట్లోనే ఉన్నారు.

బతికి బయటపడ్డవాళ్లు ఊరికే కూర్చోలేదు. 1945 శరదృతువుకల్లా, ఒక్క వంతెన కూడా మిగలని ఈ నగరంలో, మార్గిత్ అన్నా లాంటి చిత్రకారులు 'యూరోపియన్ స్కూల్' అనే బృందంగా ఏర్పడ్డారు. 1948లో కమ్యూనిస్టుల ఒత్తిడితో అది ఆగిపోయింది. తర్వాత పేరుమోసిన సంగీతకర్తలైన లిగెతి, కుర్తాగ్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఇక్కడి సంగీత అకాడమీలో చేరడానికి రొమేనియా వైపు నుంచి వచ్చిందీ 1945 శరదృతువులోనే. లిగెతి తండ్రినీ తమ్ముణ్ణీ నాజీ శిబిరాలు మింగేశాయి. అమెరికా వెళ్లిన హంగరీ సంగీతకర్త బార్తోక్ తిరిగొచ్చి పాఠాలు చెబుతాడని వాళ్ల ఆశ. అకాడమీ మీద నల్లజెండా కనిపించింది. బార్తోక్ సెప్టెంబరు 26న న్యూయార్క్‌లో చనిపోయాడు. అయినా ఇద్దరూ అక్కడే చేరి చదువుకున్నారు.

మీరు ఇటు వస్తే బత్యాని కూడలిలో లోకల్ రైలెక్కండి, గంటలోపే సెంటెంద్రె చేరతారు. మ్యూజియం తెరిచే వేళలు ముందే కనుక్కోండి. రాలేకపోతే రద్నోతి చివరి కవితలు ఇంగ్లీషు అనువాదంలో దొరుకుతాయి, వాటితో మొదలుపెట్టండి.