నీకెందుకమ్మా అంటే వెనక్కి తగ్గకు

చి. అమ్మడికి,

మేనత్త ఆశీస్సులు. నీ ట్రైనింగ్ పూర్తయిందని, వచ్చే నెల మౌలాలిలో అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. ఆనందంగా చెప్తూ చెప్తూ మధ్యలో గొంతు తగ్గించి, "అక్కా, రేడియేషన్ కదా. ఎవరితోనైనా మాట్లాడి ఆఫీసు పని వేయించగలవా?" అని అడిగాడు. మాట్లాడనని చెప్పాను. ఎందుకన్నానో వాడికంటే ముందు నీకు తెలియాలి.

33 ఏళ్లు ఈ అణురంగంలోనే వెల్డింగ్ తనిఖీ పని మీద నాలుగైదు చోట్ల తిరిగాను. ఇక్కడ ఆడపిల్లను ఎవరూ పొమ్మనరు. ప్రేమగా పక్కన కూర్చోబెడతారు. "నీకెందుకమ్మా ఈ నైట్ షిఫ్టులు, నీకెందుకమ్మా ఈ వేడి, హాయిగా ఫైళ్లు చూసుకో" అంటారు. అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు, చాలామంది సొంత కూతురికి చెప్పినట్టే చెప్తారు. కానీ పదిహేనేళ్ల తర్వాత ఒక ప్లాంటు ఎవరికి అప్పజెప్పాలన్న మాట వచ్చినప్పుడు నీ పేరు పక్కన "ప్లాంటు అనుభవం లేదు" అని రాసి ఉంటుంది. ఈ ప్రేమకు ఎలా జవాబు చెప్పాలో నీకు మొదటి రోజు నుంచే తెలిసుండాలి.

నాకు ఎవరూ చెప్పలేదు. ఒక ప్లాంటును మరమ్మతులకు, తనిఖీకి ఆపేశారు, పెద్ద షట్‌డౌన్. తనిఖీకి వెళ్లేవాళ్ల లిస్టు టైపు చేసి నోటీసు బోర్డు మీద పెట్టారు. నాలుగో పేరు నాది. మర్నాడు పొద్దున చూస్తే దాని మీద స్కేలు పెట్టి గీసినట్టు ఎర్ర ఇంకు గీత. "నైట్ డ్యూటీ పడుతుందమ్మా, బాబు చిన్నవాడు కదా" అన్నారు. బాబును అమ్మ చూసుకుంటానందని, నేను సిద్ధమేనని వాళ్లకు తెలియదు, ఎందుకంటే నన్ను అడగలేదు. నేనూ నోరు విప్పలేదు, పైగా థాంక్స్ చెప్పాను. ఆరేళ్ల తర్వాత ప్రమోషన్ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ షట్‌డౌన్ గురించే. ఎక్కడ, ఎవరు అన్నది ఇప్పుడు అనవసరం. ఆ గీత మాత్రం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అందుకని మొదటి ఐదేళ్లు యంత్రాన్ని వదలకు. నువ్వు వెళ్తున్న చోట యురేనియం పొడి రూపంలో మొదలై బొటనవేలి కొనంత నల్ల బిళ్ల అవుతుంది. ఆ బిళ్లలను హైడ్రోజన్ ఫర్నేసులో 1700 డిగ్రీల దగ్గర కాలుస్తారు. తర్వాత అరగదీసి, జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాల్లో పేర్చి, రెండు చివరలా మూత పెట్టి వెల్డ్ చేస్తారు. అలాంటి గొట్టాలు 19 కలిపితే ఒక బండిల్, అర మీటరు పొడవు. 220 మెగావాట్ల రియాక్టర్‌లో బండిళ్లు పెట్టే గొట్టాలు, అంటే ఛానెళ్లు 306, ఒక్కోదానిలో 12 బండిళ్లు, మొత్తం 3,672. ఇప్పుడు ఒక్క వెల్డ్ గురించి ఆలోచించు. కంటికి కనిపించని సన్న రంధ్రం ఒకటి ఉండిపోయినా, రియాక్టర్‌లోకి వెళ్లాక యురేనియం చీలినప్పుడు పుట్టే విచ్ఛిత్తి వాయువులు, వేడిని మోసుకెళ్లే కూలెంట్‌లోకి కారతాయి. అది ఏ ఛానెల్‌లో ఉందో వెతికి పట్టుకుని ఆ బండిల్‌ను బయటకు తీయాలి. అందుకే హీలియంతో లీక్ టెస్టు చేస్తారు. ఆ టెస్టు రిపోర్టు మీద సంతకం పెట్టేముందు ఆ వెల్డ్ ఎలా పడుతుందో పక్కన నిలబడి చూసినదానివై ఉండాలి. ఇరవై ఏళ్లుగా ఆ మెషిన్ మీద ఉన్న ఆపరేటర్‌కు శబ్దం మారితే తెలిసిపోతుంది. "అన్నా, ఏం మారింది?" అని అడుగు. ఆ ఒక్క మాట నాకు ఎంత నేర్పిందో చెప్పలేను.

ఇక రేడియేషన్. దీని గురించి అంకెలతో మాట్లాడాలి, భయంతో కాదు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి ఉద్యోగులకు పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత అది), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఆ మోతాదును కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ రోజూ ఛాతీ దగ్గర పెట్టుకో, రీడింగ్ వచ్చినప్పుడల్లా నీ డైరీలో రాసుకో. రియాక్టర్‌లో వాడేసిన ఇంధనంలో ఉండేంత రేడియేషన్ కొత్త ఇంధనంలో ఉండదు. నీ దగ్గర ఉండే సహజ యురేనియం నుంచి ముఖ్యంగా కాచుకోవాల్సింది ఊపిరిలోకి పోయే పొడిని. దానికి తోడు హైడ్రోజన్, త్వరగా అంటుకునే జిర్కోనియం పొట్టు. మాస్కు విషయంలో మొహమాటం, బద్ధకం రెండూ వద్దు.

పెళ్లయ్యి కడుపుతో ఉన్నావని తెలిసిన రోజునే కాగితం మీద రాసిచ్చెయ్. దాచి టెన్షన్ పడకు. చెప్పినప్పటి నుంచి కడుపులో బిడ్డకు మిగిలిన నెలలన్నిటికీ కలిపి పరిమితి 1 మిల్లీసీవర్ట్, అంటే మామూలు జనానికి ఏడాదికి పెట్టినంతే. దానికి తగ్గట్టు నీ పని మారుస్తారు, మార్చాలి. పాలిచ్చే నెలల్లోనూ పొడి ఉండే చోటికి వెళ్లకూడదు. కానీ అవి గడిచాక కూడా పాత పని ఇవ్వకుండా ఫైళ్ల దగ్గరే ఉంచేస్తే, అది నిబంధన కాదు, అలవాటు. నా తోటివాళ్లలో ఎక్కువమంది ప్లాంటుకు దూరమైంది సరిగ్గా అక్కడే. లీవులోకి వెళ్లేముందే "తిరిగొచ్చాక ఇదే సెక్షన్‌లో చేరతాను" అని రాతపూర్వకంగా ఇచ్చి నకలు ఉంచుకో. 180 రోజుల ప్రసూతి సెలవు నీ హక్కు. సర్వీసు మొత్తానికి 730 రోజుల దాకా చైల్డ్ కేర్ లీవు కూడా అడగొచ్చు. వాడుకున్నందుకు సిగ్గుపడకు.

ఇంట్లో ఎవరైనా సంసారం, ఇంజనీరింగ్ రెండూ కుదరవంటే ఎ. లలిత గారి పేరు చెప్పు. మన తెలుగావిడ. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చంటిబిడ్డతో మిగిలి, 1943లో మద్రాసు గిండీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి భాక్రా నంగల్ ట్రాన్స్‌మిషన్ లైన్ల మీద పనిచేసింది.

చేసిన పని మీద నీ పేరు ఉండేలా చూసుకో. లీజ్ మైట్నర్ గురించి చదివే ఉంటావు. యురేనియం పరమాణువు ఎలా చీలిందో 1938 చివర్లో తన అక్క కొడుకుతో కలిసి లెక్క కట్టి చెప్పింది. ఆ ఆవిష్కరణకు ఇచ్చిన 1944 నోబెల్ మాత్రం ఆమెతో కలిసి పనిచేసిన ఆట్టో హాన్ ఒక్కడికే దక్కింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2023 నుంచి మైట్నర్ పేరుతో, ఈ రంగంలో ఉద్యోగం చేస్తున్న ఆడవాళ్ల కోసం ఒక కార్యక్రమం నడుపుతోంది. నాలుగైదేళ్లు గడిచాక దానికి అప్లై చెయ్. ఈలోపు మీటింగుల్లో మినిట్స్ రాయడం ప్రతిసారీ నీ మీదే పడుతుంటే వంతులు వేయమను. లోపం ఎందుకొచ్చిందో తేల్చే కమిటీలో ఖాళీ ఉంటే నీ అంతట నువ్వే అడుగు. ప్లాంటు ఒంటికి పట్టేది అక్కడే. నియంత్రణ మండలి తనిఖీకి వచ్చినప్పుడు నీ సెక్షన్ గురించి నువ్వే జవాబు చెప్పు. ఎవరైనా హద్దు దాటితే మాత్రం ఆలోచించకు, మూడు నెలల్లోపు వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. మొదటి ఫోన్ నాకు చెయ్.

ఆదివారం ఏఎస్ రావు నగర్ ఇంటికి రా. నా డైరీలు పదకొండు అటక మీంచి దింపించి దుమ్ము దులిపి పెట్టాను. ఏ రోజు ఏ వెల్డ్ చెడింది, నేనేం నిర్ణయం తీసుకున్నాను, అది ఎందుకు తప్పయింది అన్నీ అందులో ఉన్నాయి. నీకు పనికొచ్చినవి తీసుకెళ్లు. మీ నాన్నను కూడా వెంటబెట్టుకు రా. మిల్లీసీవర్టుల లెక్క వాడికి నేను కూర్చోబెట్టి చెప్తాను.

నీ మేనత్త