తగ్గని జ్వరం గురించి, మెడిసిన్ పీజీ చేస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పది రోజులైనా జ్వరం దిగని రోగి విషయంలో ఏం చేయాలో పాలుపోవడం లేదని రాశావు. మరో పరీక్ష రాసే ముందు, మొదటి రోజు తొందరలో ఎవరూ సరిగా చూడనిదేమిటో వెతకమని నా సలహా.

ముందు ఒంటిని చూడు. నర్సమ్మను పక్కన ఉంచుకుని, తెర వేయించి, రోగి అనుమతితో చంకలు, గజ్జలు, రొమ్ముల కింది భాగం, నడుము దగ్గర చీర బిగిసే చోటు పరీక్షించు. చిగ్గర్ అనే సన్నటి పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరంలో, అది కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు గనుక రోగికే దాని సంగతి తెలియదు. అది కనబడితే ఎలైజా రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టు. మొదటి వారంలో ఎలైజా నెగెటివ్ రావచ్చు, పెచ్చు లేనంత మాత్రాన జబ్బు లేదని కూడా అనుకోకు. మందు వేశాక సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే నీ నిర్ధారణను మళ్లీ అనుమానించు.

రెండో సంగతి నేను చేసిన తప్పు నుంచి నేర్చుకున్నది. షుగరు వ్యాధి ఉన్న ఒక వరి రైతుకు ఎక్స్‌రేలో నీడ చూసి, కఫంలో క్షయ క్రిములు కనబడకపోయినా టీబీ మందులు ఇచ్చాను. రక్తంలోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షలో సూడోమొనాస్ జాతి క్రిమి పెరిగిందని రిపోర్టు వస్తే, నమూనా కలుషితమై ఉంటుందని పక్కన పెట్టాను. రెండు వారాలకు ప్లీహంలో చీముగడ్డలు తేలాయి. అది మెలియాయిడోసిస్ అనే ఇన్ఫెక్షన్, నేను పక్కన పెట్టిన క్రిమే దానికి కారణం. అప్పటికి ఆలస్యమైపోయింది, ఆయన దక్కలేదు. 1911లో రంగూన్‌లో శవపరీక్షలు చేస్తూ డాక్టర్ విట్‌మోర్, ఆయన సహాయకుడు కృష్ణస్వామి గుర్తించిన ఈ జబ్బు క్రిమి మట్టిలోనూ నీటిలోనూ ఉంటుంది, వానాకాలంలో ఎక్కువగా సోకుతుంది. ఆక్సిడేజ్ పరీక్షలో పాజిటివ్, గ్రామ్ రంగు పరీక్షలో నెగెటివ్ వచ్చిన క్రిమి జెంటామైసిన్, కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌లకు లొంగకుండా, కోట్రైమాక్సజోల్‌కు లొంగుతున్నట్టు రిపోర్టులో కనబడితే వెంటనే మైక్రోబయాలజీకి స్వయంగా వెళ్లి, రోగికి షుగరు ఉందని, పొలంలో పనిచేస్తాడని చెప్పి, క్రిములు పెరిగిన ప్లేటు పారేయవద్దని అడుగు. అనుమానం ముందుగా చెప్పడం ల్యాబ్‌లో పనిచేసేవారి భద్రతకు కూడా అవసరం. సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ కనీసం రెండు వారాలు, ఆపైన కోట్రైమాక్సజోల్ కనీసం మూడు నెలలు వాడాలి కాబట్టి, మధ్యలో మానేస్తే తిరగబెడుతుందని ఇంట్లోవాళ్లకు కూడా నచ్చజెప్పాలి.

ఇక రక్తం. ప్లేట్‌లెట్లు 15 వేలకు పడిపోతే వార్డులో అందరి నోటా డెంగీ మాటే వస్తుంది. అలాంటప్పుడు అప్పుడే తీసిన రక్తాన్ని గాజు పలకపై పల్చగా పూసే స్మియర్ చేయించి, ఆ పూత చివర కణాలు ఒకదానికొకటి తాకీ తాకనట్టుండే చోట నువ్వే కళ్లారా చూడు. హెల్మెట్ ఆకారంలో విరిగిన ఎర్రకణాలు ఉండి, కణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్ ఎక్కువై, రక్తం గడ్డకట్టే సమయం చూపే పీటీ మామూలుగా ఉంటే, చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే టీటీపీ జబ్బును అనుమానించాలి. రోగి ప్లాస్మా తీసేసి దాతల ప్లాస్మా ఎక్కించే ప్లాస్మా మార్పిడి లేని కాలంలో ఈ జబ్బు వచ్చినవారిలో నూటికి 90 మంది వరకు చనిపోయేవారు. అందుకే ఈ జబ్బులో బాగా తగ్గిపోయే ఏడీఏఎంటీఎస్-13 అనే ఎంజైమ్ పరీక్షకు రక్తం ముందుగా తీసి పంపు, ప్లాస్మా మార్పిడి మొదలుపెట్టడానికి ఫలితం కోసం మాత్రం ఆగకు. ప్రమాదకరమైన రక్తస్రావం లేకపోతే ప్లేట్‌లెట్లు ఎక్కించకు.

అయితే ఒక్క క్షణం నిలబడి ఆలోచించాల్సిన చోటొకటి ఉంది. బీ12 లోపం కూడా అచ్చం ఇలాగే కనబడగలదు. కొత్తగా పుట్టే ఎర్రకణాలు (రెటిక్యులోసైట్లు) తక్కువగా ఉండి, న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల కేంద్రకాలు ఐదారు ముక్కలుగా విడిపోయి ఉంటే, ఆ రోగికి కావలసింది ప్లాస్మా మార్పిడి కాదు, చవకైన బీ12 ఇంజెక్షను.

మూడు రకాల కణాలూ పడిపోతూ, ప్లీహం పెరిగి, ఇనుమును నిల్వచేసే ఫెరిటిన్ ప్రోటీన్ 10,000 దాటితే, రోగనిరోధక శక్తి అదుపు తప్పి సొంత కణాలనే దెబ్బతీసే హెచ్‌ఎల్‌హెచ్ గుర్తుకు రావాలి. పేరు పెట్టి ఊరుకోకుండా, దాన్ని రగిలించింది స్క్రబ్ టైఫసో, టీబీయో, లింఫోమా అనే క్యాన్సరో వెతుకు.

నువ్వు రాసిన రోగి ఏ పని చేస్తాడో, షుగరు ఉందో లేదో ఉత్తరంలో లేదు. ఈ రాత్రికే అడిగి, స్మియర్ ఫొటో పేరు కనబడకుండా పంపు. నేను ఐదింటికే లేస్తాను.

ఇట్లు,
పెదనాన్న