పీఎస్‌వోగా వెళ్తున్న మా చిన్నాకి

చిన్నా,

నిన్ను ఒక నాయకుడికి పీఎస్‌వోగా, అంటే వెన్నంటి కాపాడే భద్రతా అధికారిగా వేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మనింటి పిల్లాడికి అంత నమ్మకమైన డ్యూటీ దొరికిందని పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

పిస్టల్, మ్యాగజైన్లు డ్యూటీ ఎక్కేముందే చూసుకో. కారు బయటికి వెళ్లే వైపు తిప్పి పెట్టించు, డ్రైవర్ సీటు దిగకూడదు. సార్ ఫైళ్లు, శాలువాలు నీ చేతికి తీసుకోకు. మొహమాటపడి పట్టుకున్నావని తెలిస్తే ఊరుకోను, నీ రెండు చేతులూ ఖాళీగా ఉండాలిరా.

నా భయమంతా దండల దగ్గరే. 1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ దగ్గరికి ధను అనే అమ్మాయి చందనం దండతోనే వచ్చింది. బట్టల కింద బాంబు బెల్టు. అడ్డుకోబోయిన మహిళా పోలీసును ఆయనే వారించారు. దండ వేసి, కాళ్లకు మొక్కుతున్నట్టు వంగి పేల్చేసుకుంది. ఆయనతో పాటు పీఎస్‌వో ప్రదీప్ గుప్తా కూడా పోయాడు. అంత దగ్గరికి వచ్చాక ఎంతటివాడైనా చేయగలిగింది లేదు నాయనా, ఆపాల్సింది వరుస మొదట్లోనే.

అందుకే దండలు వేసేవాళ్ల పేర్లు ముందే రాయించు. ఆడవాళ్లను మహిళా కానిస్టేబుల్ చేతే తనిఖీ చేయించు. తనిఖీ అయినవాళ్లు తాడు లోపలే ఉండాలి. మళ్లీ జనంలో కలిస్తే ఆ తనిఖీ చెల్లదు. ఆలస్యంగా వచ్చినవాళ్లను అక్కడి నుంచే నమస్కారం పెట్టి వెళ్లమను. మొహాలు నవ్వుతూనే ఉంటాయి, నువ్వు చేతులూ నడుమూ చూడు. దండ చాటున చెయ్యి కనబడకపోతే అడుగు ముందుకు పడనివ్వకు. పెద్దాయన కాళ్లకు ఎవరైనా వంగబోతే మోచేతి కింద చెయ్యేసి మర్యాదగా లేపెయ్.

ఎన్నికలప్పుడు సార్ "రానివ్వండయ్యా" అంటారు. ఓట్లు కావాలి, ఆయన తప్పు కాదు. వేదిక మీద వాదిస్తే నీ మాట చెల్లదు. పొద్దున కారులోనే చెప్పి ఒప్పించు.

కాల్పులు మొదలైతే పిస్టల్ తర్వాత, ముందు మనిషి. 1981లో అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద 1.7 సెకన్లలో 6 గుళ్లు పేలాయి. ఆయన భద్రతా అధికారి జెర్రీ పార్ తుపాకి కోసం చూడలేదు, ఆయన్ని కారులోకి తోసేశాడు.

బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ ఉక్కపోస్తుందని విప్పకు, నీళ్లు తాగుతూ ఉండు. డ్యూటీలో ఉండగా నా ఫోన్ వచ్చినా ఎత్తకు. దిగాక ఎంత రాత్రయినా ఒక్క మాట చెప్పి పడుకో.

మీ పెదనాన్న