సముద్రం ఎక్కడుంది మాస్టారూ?

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉంటుంది. మొన్న వెళ్ళినప్పుడు కార్న్‌వాల్ తీరం చూపించి, అక్కడి చిత్రకారుడు పీటర్ లాన్యన్ బొమ్మల పుస్తకం కొనిపెట్టింది. అందులో 'పోర్త్‌లెవెన్' అనే బొమ్మ చేపల రేవుదట. ఎంత చూసినా నాకు రంగుల కలగాపులగమే. సముద్రం ఎక్కడుంది మాస్టారూ?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, పుస్తకం కాసేపు పక్కన పెట్టండి. మీరు యారాడ వెళ్ళే ఉంటారు. కొండదారిలో దిగుతుంటే సముద్రం ఎన్నిసార్లు కనబడి మాయమవుతుంది! ఒక మలుపులో కాళ్ళ కింద ఉంటుంది, ఇంకో మలుపులో ఎదురుగా గోడలా లేస్తుంది. ఇంటికొచ్చాక యారాడ అనుకుంటే ఆ మలుపులు, ఉప్పుగాలి, పిక్కల నొప్పి అన్నీ కలిసే గుర్తొస్తాయి. లాన్యన్ వేసింది అలాంటి గుర్తునే.

ఆయన 1918లో ఆ తీరంలోని సెయింట్ ఐవ్స్‌లోనే పుట్టాడు. గ్రానైట్ కొండలు నిట్టనిలువునా సముద్రంలోకి దిగే చోటు అది. దగ్గర్లో తగరం గనులు. కొన్నిటి సొరంగాలు సముద్రం అడుగుకీ వెళ్ళాయి. అలాంటి నేల మీద పెరిగినవాడికి గట్టున నిలబడి చూసింది మాత్రం వేస్తే సరిపోతుందా?

'పోర్త్‌లెవెన్' 1951 నాటిది. ఎనిమిది అడుగుల ఎత్తు, నాలుగు అడుగుల వెడల్పు. సముద్రం బొమ్మ నిలువుగా ఉండటం చూడండి! లోపలి రేవు, బయటి రేవు, గడియారం గోపురం, ఇలా చుట్టూ తిరిగి చూసినవన్నీ ఒకదానిపై ఒకటి ఎక్కించాడు. 'ఏ చోటు నుంచి వేశాడు?' అని అడిగితే జవాబు దొరకదు. పెద్ద బొమ్మకు ముందు ముక్కలు అతికించి చిన్న చిన్న నిర్మాణాలు కూడా చేసుకునేవాడు, చోటు చేతికి తెలియాలని.

అదీ చాలలేదు. 1959లో ఇంజిన్ లేని గ్లైడర్ నడపడం నేర్చుకున్నాడు. వేడిగాలి పైకి లేపే తీరు 1960లో వేసిన 'థర్మల్'లోకి వచ్చింది. 1964లో గ్లైడర్ ప్రమాదంలో గాయపడి చనిపోయాడు. నలభై ఆరేళ్ళే.

నా సంగతీ చెబుతాను. ఓసారి భీమిలి ఒడ్డున మూడు గంటలు కూర్చుని కెరటాలు, పడవలు, తాటిచెట్లు ఒక్కటీ వదలకుండా వాటర్ కలర్ వేశాను. మా ఆవిడ చూసి, "బాగుందండీ, కిరాణా కొట్టు క్యాలెండర్‌లా ఉంది" అంది. కోపమొచ్చింది. నిజమే కదా మరి. ఆ రోజు గాలికి కాగితం రెండుసార్లు ఎగిరిపోయింది, ఆ గాలి మాత్రం బొమ్మలో లేదు.

అలాగని రంగు పులిమిన ప్రతిదీ గొప్పదని నేననను. ఇప్పుడు పుస్తకం తెరిచి, ముందు గోపురం ఆనవాలు పట్టండి. అక్కణ్ణుంచి కళ్ళతో రేవులోకి దిగండి. ఈసారి యారాడ వెళ్తే ఫోన్ సంచీలోనే ఉంచి, ఇంటికొచ్చాక పెన్సిల్ పట్టండి. పిక్కలు ఎక్కడ లాగాయో ఆ గీత ముందు గీయండి. గీసింది నాకు పంపండి, చూస్తాను.